టైరులోని గాలికి కాపలా

సామాన్యమైన చిన్న కారు సుమారు 1200 కిలోగ్రాముల బరువుండును. ఆ బరువు నాలుగు చక్రములకు సమముగా పంచినచో ఒక్కొక్క టైరు వంతునకు 300 కిలోగ్రాములు వచ్చును. టైరులోని గాలి చదరపు సెంటీమీటరునకు 2.2 కిలోగ్రాముల చొప్పున ఒత్తుచున్నదనుకొందము. 300ను 2.2 చేత భాగించినచో దాదాపు 136 వచ్చును. అనగా ఒక్కొక్క టైరు నేలను తాకుచున్న చోటు ఇంచుమించు 136 చదరపు సెంటీమీటర్లు మాత్రమే. అది మన అరచేతి కంటె ఏమంత పెద్దది కాదు. బ్రేకు వేసినప్పుడు కారు ఆగుటయు, మలుపు తిరుగునప్పుడు పక్కకు జారకుండుటయు, వానలో పట్టు తప్పకుండుటయు ఈ నాలుగు అరచేతుల చోటుపైననే ఆధారపడియున్నవి.

ఈ లెక్కలో రబ్బరు ప్రసక్తి రాకపోవుట చదువరులు గమనించియుందురు. కారు బరువులో చాల భాగమును మోయుచున్నది రబ్బరు కాదు, లోపలి గాలి. రబ్బరు, నూలు, ఉక్కుతీగలు కలిసి ఆ గాలిని పట్టియుంచు తిత్తివంటివి. తిత్తి అరిగినచో కంటికి కనబడును; గాలి తరిగినచో అంత సులభముగా కనబడదు. ఈ చిక్కును మానవుడు ఎట్లెదుర్కొనెను, గాలికి కాపలా పెట్టిన యంత్రము తానే ముసలిదైనప్పుడు ఏమి చేయవలెను అను విషయములను ఇప్పుడు తెలిసికొందము.

గాలిచక్రము పుట్టుక

పచ్చి రబ్బరు మొదట చక్రములకు పనికివచ్చు పదార్థము కాదు. ఎండకు మెత్తబడి జిగురగును. చలికి గట్టిపడి పెళుసగును. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ అను అమెరికా దేశస్థుడు రబ్బరులో గంధకము కలిపి వేడిచేసినచో ఈ రెండు దోషములును పోవునని కనుగొనెను. గంధకపు పరమాణువులు పొడవైన రబ్బరు అణువులను అక్కడక్కడ వంతెనలవలె కలిపి పట్టుకొనుటయే ఇందలి కిటుకు. ఆయన 1844లో పేటెంటు పొందెను గాని దానివలన ధనికుడు కాలేదు. 1860లో అప్పులు మిగిల్చి మరణించెను.

గాలి నింపిన చక్రమును మొట్టమొదట ఆలోచించినవాడు స్కాట్లండు దేశపు ఇంజనీరు రాబర్ట్ విలియం థాంసన్. 1845లో పేటెంటు పొందునాటికి ఆయన వయస్సు 23 సంవత్సరములు మాత్రమే. రబ్బరు పట్టించిన గుడ్డతో గొట్టము చేసి, దానిపై దళసరి తోలు తొడిగి, గాలి నింపి, గుర్రపుబండి చక్రమునకు బిగించెను. 1847లో లండనులోని రీజెంట్స్ పార్కులో ఈ బండ్లను నడపి చూపగా అవి చప్పుడు లేకుండ సాగుటయే గాక గుర్రమునకు లాగు శ్రమ కూడ తగ్గెను. ఒక బండి చక్రములు 1200 మైళ్లు తిరిగియు చెడలేదట. ఐనను కొనువారు లేరు. అప్పటికి సైకిలు ప్రచారములోనికి రాలేదు, మోటారు పుట్టనేలేదు. వేగము లేని కాలములో గాలిచక్రము యొక్క అవసరము ఎవరికిని తోచలేదు. థాంసన్ కనుగొన్నదానిని లోకము మరచిపోయెను.

నలుబది సంవత్సరముల తరువాత, 1887లో, ఐర్లండులోని బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడుగా నుండిన జాన్ బాయ్డ్ డన్‌లప్ తన కుమారుని మూడు చక్రముల సైకిలుకు గాలి నింపిన రబ్బరు గొట్టములను చుట్టి చూచెను. థాంసన్ సంగతి ఆయనకు తెలియదు. 1888లో పేటెంటు వచ్చినది. మరుసటి సంవత్సరము బెల్‌ఫాస్టు పందెములలో విల్లీ హ్యూం అను సైకిలు పందెగాడు డన్‌లప్ టైర్లతో గెలువగా, గాలిటైరు పేరు దేశమంతట వ్యాపించెను. 1890లో థాంసన్ పాత పేటెంటు బయటపడి డన్‌లప్ పేటెంటు చెల్లకపోయినను, వ్యాపారము మాత్రము ఆగలేదు.

ఆనాటి టైర్లు చక్రమునకు జిగురుతో అంటించబడియుండెడివి. పంచరు పడినచో ఊడదీసి అతికి ఆరబెట్టుటకు గంటల కాలము పట్టెడిది. ఫ్రాన్సులోని క్లెర్మాన్-ఫెరాన్ పట్టణమున నుండిన మిషెలిన్ సోదరులు 1891లో సులభముగా ఊడదీసి మరల తగిలింపదగిన టైరును తయారుచేసిరి. 1895లో పారిస్ నుండి బోర్డోకు పోయి వచ్చు మోటారు పందెములో వారే గాలిటైర్లు గల కారును నడపిరి. దారిలో పలుమార్లు పంచరులు పడినవి. ఐనను గాలిటైరుతో మోటారు నడచునని లోకమునకు తెలిసినది. ఇంతలో 1893లో అమెరికాలోని ష్రేడర్ సంస్థవారు చిన్న స్ప్రింగు గల వాల్వునకు పేటెంటు పొందిరి. లోనికి గాలిని పోనిచ్చి బయటికి రానీయని ఆ వాల్వే నేటికిని మన కార్ల చక్రములపై కనబడుచున్నది. గాలి ఎంత యున్నదో కొలుచుటకు దానిపై ఒత్తి చూచు గేజి కూడ తరువాత వచ్చినది. గాలికి మొదటి కాపలాదారు ఆ గేజియే.

అరుగుదల వేరు, ముదిమి వేరు

తొలినాటి టైర్లు తెల్లగా ఉండెడివి. 1904లో లండనులోని సిల్వర్‌టౌన్ కర్మాగారమున రబ్బరులో మెత్తని మసి కలిపినచో అది ఎంతో బలపడునని కనుగొనిరి. తరువాతి పదిపదునైదేండ్లలో టైర్లన్నియు నల్లబడినవి. నలుపు అందము కొరకు వచ్చినది కాదు. అరుగుదలను తట్టుకొనుటకు వచ్చినది.

ఐనను అరుగక తప్పదు. కారు కొత్త టైరు పైభాగమున గాడులు సుమారు 8 మిల్లీమీటర్ల లోతుండును. ఈ గాడులు వాననీటిని పక్కలకు నెట్టివేయును. లోతు తగ్గినకొలది నీరు పోవుటకు దారి తగ్గి, వేగముగా పోవునప్పుడు టైరు నేలను వదలి నీటి పొరపై తేలును. అప్పుడు స్టీరింగు త్రిప్పినను, బ్రేకు తొక్కినను ఫలితముండదు. అందుచేత 1.6 మిల్లీమీటర్ల లోతు మిగిలినప్పుడు పైకి తేలునట్లు గాడుల అడుగున చిన్న దిమ్మెలను పోతపోయుదురు. అమెరికాలో ఈ గుర్తులు 1968 నుండి తప్పనిసరియైనవి. మన దేశమునను కార్ల టైర్లకు 1.6 మిల్లీమీటర్లే కనీసపు లోతు.

అరిగిన తీరునుబట్టి రోగమును చెప్పవచ్చును. నడుమ మాత్రమే అరిగినచో గాలి ఎక్కువైనదని అర్థము. రెండు అంచులును అరిగి నడుమ మిగిలినచో గాలి తక్కువైనది. ఒక్క అంచే అరిగినచో చక్రముల పొందిక తప్పినది.

అరుగుదల గాక ముదిమి యను మరియొక క్షయము కలదు. గాలిలోని ప్రాణవాయువు రబ్బరు అణువులతో మెల్లగా కలియుచు దానిని గట్టిపరచును. ఓజోను వాయువు పైపొరలో సన్నని బీటలను పుట్టించును. వేడి ఎక్కువైనకొలది ఈ మార్పులు త్వరపడును. కావున షెడ్డులో కదలక నిలిచిన కారు టైరు కూడ ముదియును. గాడులు నిండుగా నున్నను లోపల ఉక్కుతీగలకు, రబ్బరునకు గల పట్టు సడలియుండవచ్చును. టైరు వయస్సు తెలిసికొనుటకు దాని పక్కగోడపై నాలుగంకెలు వేసియుండును. 3519 అని యున్నచో 2019వ సంవత్సరపు 35వ వారమున తయారైనదని భావము. 2000వ సంవత్సరమునకు ముందు మూడంకెలే వేసెడివారు. కొందరు కార్ల తయారీదారులు ఆరు సంవత్సరములకు టైర్లు మార్చవలెనని చెప్పుదురు. ఎట్లున్నను పది సంవత్సరములు దాటి వాడరాదని టైర్ల తయారీదారులలో పలువురి సలహా.

కంటిని మోసగించిన మెరుగు

1946లో మిషెలిన్ సంస్థ రేడియల్ టైరునకు పేటెంటు పొంది, 1949లో అమ్మకమునకు తెచ్చినది. పాత టైర్లలో దారపు పొరలు ఒకదానిపై నొకటి ఏటవాలుగా అల్లుకొనియుండెడివి. రేడియల్ టైరులో దారములు ఒక అంచునుండి రెండవ అంచునకు అడ్డముగా సాగును. నేలను తాకు భాగము క్రింద ఉక్కుతీగల పట్టీలు చుట్టియుండును. పైభాగము గట్టిగను, పక్కగోడలు మెత్తగను ఉండుటచే ఈ టైరు నెమ్మదిగా అరుగును. నేలను బాగుగా పట్టును. 1970 తరువాత అమెరికాలోను ఇదియే వాడుకయైనది.

ఈ మేలుతో పాటు ఒక కీడు వచ్చినది. పాత టైరులో గాలి తగ్గినచో అది చదునై వెంటనే కనబడెడిది. రేడియల్ టైరు పక్కగోడ గాలి సరిగా నున్నప్పుడు కూడ కొంచెము ఉబ్బియుండును. నాలుగవ వంతు గాలి పోయినను చూచువానికి తేడా తెలియదు. కాలితో తన్ని చూచు డ్రైవరు అలవాటునకు విలువ లేకపోయెను.

గాలి తక్కువైన టైరులో ఏమి జరుగును? చక్రము ఒక్కసారి తిరుగునప్పుడు పక్కగోడలోని ప్రతి భాగము నేల దగ్గర ఒకసారి వంగి మరల నిటారగును. కారు చక్రము చుట్టుకొలత సుమారు 2 మీటర్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగమున అది సెకనుకు దాదాపు 14 సార్లు తిరుగును. అన్ని సార్లును పక్కగోడ వంగవలసినదే. ఇనుపతీగను మాటిమాటికి వంచినచో వేడెక్కుటను మనమెరుగుదుము. రబ్బరును అట్లే వేడెక్కును. గాలి తక్కువైనకొలది వంపు ఎక్కువ, వేడి ఎక్కువ. ఆ వేడికి ఉక్కుపట్టీలు రబ్బరునుండి విడిపోవును. పైపట్టీ ఊడి ఎగిరిపోయినచో కారును అదుపులో ఉంచుట కష్టము.

2000వ సంవత్సరపు విషాదము

ఈ అపాయము ఎంత పెద్దదో అమెరికాలో 2000వ సంవత్సరమున తేటపడినది. ఫోర్డు సంస్థవారి ఎక్స్‌ప్లోరర్ అను ఎత్తైన వాహనమునకు అమర్చిన ఫైర్‌స్టోన్ టైర్లు కొన్నిటిలో పైపట్టీ ఊడిపోయి వాహనములు బోర్లపడినవి. ఇట్టి ప్రమాదములు టెక్సాసు, ఫ్లారిడా, ఆరిజోనా మొదలగు ఉష్ణప్రాంతములలోనే ఎక్కువగా జరిగినవి. ఆ యేడు ఆగస్టులో ఫైర్‌స్టోన్ సంస్థ వాడుకలో నున్న సుమారు 65 లక్షల టైర్లను వెనుకకు పిలిపించినది. ఈ టైర్లతో సంబంధించిన మరణములను అమెరికా రహదారి భద్రతాశాఖ 271గా లెక్కించినది.

తప్పు ఎవరిది? టైరు తయారీలోనే లోపమున్నదని ఒకరు, వాహనపు నిర్మాణమును, అందు చెప్పిన గాలి పరిమాణమును కారణమని మరియొకరు వాదించిరి. ఆ వాహనమునకు ఫోర్డు సంస్థ చెప్పిన గాలి చదరపు అంగుళమునకు 26 పౌండ్లు. టైరు సంస్థ 30 పౌండ్లు ఉండవలెనన్నది. ప్రభుత్వ పరిశోధనలో పట్టీల అంచున టైరులోనే లోపమున్నదని తేలినది. దాదాపు ఒక శతాబ్దముగా సాగిన ఆ రెండు సంస్థల వ్యాపార సంబంధము 2001 మే నెలలో తెగిపోయినది.

ఈ వాదములో ఒక సత్యము అందరికిని బోధపడినది. తయారీ లోపము గల టైరు సైతము చల్లగా, నిండుగాలితో నడచినచో కొంతకాలము నిలుచును. వేడియు, తక్కువ గాలియు తోడైనచో త్వరగా విరిగిపోవును. ఇక సామాన్యుల సంగతి చూడగా, 2001లో జరిపిన పరిశీలనలో అమెరికా కార్లలో నాలుగవ వంతునకు పైగా కనీసము ఒక టైరులోనైన గాలి చాల తక్కువగా నున్నట్లు తెలిసినది. వారి దగ్గర గేజి లేక కాదు. దానిని తీసి చూచు ఓపిక లేక.

చట్టము తెచ్చిన కాపలాదారు

2000 నవంబరు 1వ తేదీన అమెరికా ప్రభుత్వము టైర్ల భద్రతకై క్రొత్త చట్టము చేసినది. ప్రతి కొత్త కారులో టైరు గాలి తగ్గినచో డ్రైవరును హెచ్చరించు సాధనముండవలెనని అందు విధించిరి. ఇట్టి సాధనము అప్పటికి లేకపోలేదు. 1986లో వచ్చిన పోర్షె 959 అను వేగపు కారులో అది యుండెను. గాలి పోయినను కొంతదూరము నడువగల టైర్లను అమర్చిన 1997 నాటి కార్వెట్ కారులోను ఉండెను. అట్టి టైరులో గాలి పోయిన సంగతి డ్రైవరునకు ఏమాత్రము తెలియదు గదా!

చట్టము అమలు సులభముగా సాగలేదు. 2002లో చేసిన మొదటి నిబంధన చాల మెత్తగా నున్నదని వినియోగదారుల సంఘము న్యాయస్థానమునకు పోగా, 2003లో అది కొట్టివేయబడినది. తుది నిబంధన 2005లో వచ్చినది. నాలుగు టైర్లలో ఏ ఒక్కటిలోనైనను, లేక అన్నిటిలోను, చెప్పిన దానికంటె 25 శాతము గాలి తగ్గినచో 20 నిమిషముల లోపల దీపము వెలుగవలెను. 2007 సెప్టెంబరు నుండి అమెరికాలో తయారైన కార్లన్నిటికిని ఇది తప్పనిసరి. ఐరోపాలో 2014 నవంబరు నుండి కొత్త కార్లన్నిటికిని వర్తించినది.

ఈ కాపలాలో రెండు పద్ధతులు కలవు. మొదటి దానిలో ప్రతి చక్రము లోపల ఒక చిన్న సెన్సరు ఉండును. దానిలోని సన్నని సిలికాన్ పొర గాలి ఒత్తిడికి వంగును. వంపునుబట్టి విద్యుత్ నిరోధము మారును. ఆ మార్పే పీడనమునకు కొలత. ఆ కొలతను, చక్రములోని వేడిని, తన గుర్తింపు సంఖ్యను సెన్సరు రేడియో తరంగములలో కారునకు పంపును. అమెరికాలో ఈ తరంగముల పౌనఃపున్యము 315 మెగాహెర్ట్జులు, ఐరోపాలో 433.92. ఒక వింత చూడుడు: వాల్వు చేసిన ష్రేడర్ పేరు గల సంస్థయే ఈ సెన్సర్లను తయారుచేయుటలో పేరొందినది, ఆ కర్మాగారము డన్‌లప్ నివసించిన బెల్‌ఫాస్టునకు దగ్గరనున్న ఆంట్రిం పట్టణములో స్థాపితమైనది.

రెండవ పద్ధతిలో చక్రములో ఏ సెన్సరును ఉండదు. గాలి తగ్గిన టైరు కొంచెము కుంగి, దాని వ్యాసార్ధము తగ్గి, మిగిలిన చక్రముల కంటె కొంచెము వేగముగా తిరుగును. బ్రేకులు పట్టివేయకుండ కాపాడు యంత్రము చక్రముల వేగమును ఎట్లును కొలుచుచుండును గనుక ఆ లెక్కనే ఇందుకును వాడుదురు.

కాపలాదారు ముదిమి

మొదటి పద్ధతి సెన్సరునకు లోపలనే ఒక లిథియం బ్యాటరీ ఉండును. కారు రోజుకొక గంట నడచుచు, నిమిషమునకొక వార్త పంపినదనుకొన్నచో సంవత్సరమునకు 21,900 వార్తలు. పదేండ్లకు రెండు లక్షలకు పైమాట. కారు నిలిచియున్నప్పుడు సెన్సరు నిద్రించి విద్యుత్తును పొదుపు చేయును. ఎంత పొదుపు చేసినను బ్యాటరీ సాధారణముగా 5 నుండి 10 సంవత్సరములకు అయిపోవును.

"బ్యాటరీ ఒక్కటే మార్చరాదా?" అని చదువరులు అడుగవచ్చును. గంటకు 100 కిలోమీటర్ల వేగమున చక్రములోని సెన్సరుపై పనిచేయు అపకేంద్ర బలము దాని బరువునకు నూట యేబది రెట్లుండును. 30 గ్రాముల వస్తువు నాలుగున్నర కిలోగ్రాముల బరువైనట్లు లాగబడును. ఆ లాగుడులో, ఆ వేడిలో, ఆ తేమలో బ్యాటరీ తీగలు ఊడకుండుటకై అంతటిని కలిపి జిగురు పదార్థములో పోతపోసి మూసివేయుదురు. కావున బ్యాటరీ పోయినచో సెన్సరునే మార్చవలెను.

బ్యాటరీ గాక ముదిమికి మరియొక మార్గము వాల్వు కాడ. అనేక సెన్సర్లకు అల్యూమినియం కాడ యుండును. దానిలో సామాన్యమైన ఇత్తడి సూదిని బిగించినచో రెండు వేరువేరు లోహములు తగిలి, తేమయు ఉప్పును చేరినప్పుడు చిన్న విద్యుత్ ఘటమేర్పడి అల్యూమినియము తినివేయబడును. మంచు కరుగుటకై రోడ్లపై ఉప్పు చల్లు చలిదేశములలో ఇది మరింత ఎక్కువ. సూది కాడలోనే పట్టుకొనిపోయి, తీయబోగా కాడ విరిగి గాలి ఒక్కసారిగా పోవును. అందుచేత అట్టి కాడలకు నికెలు పూత గల సూదినే వాడవలెను. పైమూత ప్లాస్టిక్‌దైన మేలు.

సెన్సరు పలుకుట మానినచో కారు ఎట్లు తెలుపును? అమెరికా నిబంధన ప్రకారము కారు తాళము త్రిప్పగానే దీపము 60 నుండి 90 సెకనుల వరకు మిణుకుమిణుకుమని, పిదప నిలకడగా వెలుగును. గాలి తగ్గినప్పుడైనచో మిణుకక నిలకడగా వెలుగును. మొదటిది కాపలాదారుని జబ్బు. రెండవది టైరు జబ్బు. ఈ తేడా తెలియక పలువురు టైరులో గాలి కొట్టించి, దీపము ఆరలేదని విసిగి, దానిని పట్టించుకొనుట మానివేయుదురు. అపాయమంతయు ఇక్కడనే యున్నది. ఎల్లప్పుడు వెలుగు దీపము నిజముగా గాలి పోయిన నాడు కొత్త సంగతి చెప్పలేదు. మన వద్ద కాపలాదారు ఉన్నాడను నమ్మకముతో గేజిని కూడ మూలబెట్టియుందుము. కాపలా లేనివాడు తానైన చూచుకొనును. నిద్రించు కాపలాదారు గలవాడు ఎవరిని నమ్మవలెను?

చట్టము కూడ ఇక్కడ మనకు తోడురాదు. పనిచేయుచున్న సాధనమును మెకానిక్కు తొలగించి పనికిరాకుండ చేయుట అమెరికా చట్టరీత్యా నేరము. కాని సెన్సరు ముందే చచ్చియున్నచో దాని స్థానమున సామాన్యపు రబ్బరు వాల్వు పెట్టుట నేరము కాదని 2011లో ప్రభుత్వమే వివరించినది. కొత్త కారునకు కాపలా విధించిన కేంద్ర చట్టము పాత కారు యజమానిని దానిని మరమ్మతు చేయించుకొమ్మని నిర్బంధింపలేదు. పాత కార్లు కొనుక్కొను విద్యార్థులకు, కొత్తగా కాపురము పెట్టినవారికి ఈ సంగతి తెలియుట మేలు. అట్టివారిలో మన తెలుగు పిల్లలును ఎందరో కలరు.

టైర్లు మార్చునాడు

సెన్సరును చూచుటకు టైరును చక్రమునుండి ఊడదీయవలెను. టైరు అరిగి ఎట్లును ఊడదీయు దినమే అందుకు తగిన సమయము. అప్పుడు కొన్ని విషయములు గుర్తుంచుకొనవలెను.

కారు వయస్సు ఏడెనిమిది సంవత్సరములు దాటినచో పాత సెన్సర్లను కొత్త టైర్లలో మరల బిగించుట దండుగ. ఆ టైర్లు అరుగకముందే సెన్సర్లు పోవును. అప్పుడు ఊడదీయు కూలి మరల ఇచ్చుకొనవలసివచ్చును. నాలుగును ఒకే యేడు పుట్టినవి గనుక ఒకటి పోయినచో మిగిలినవి వెనువెంటనే పోవుట సహజము. సెన్సరు కొత్తదైనచో, ఉంచుకొన్నను, కాడ వద్దనుండు రబ్బరు ఉంగరమును, సూదిని, బిళ్లను మార్చవలెను. ఊడదీయుటకు ముందే సెన్సరు కాడ దగ్గరనున్నదని పనివానికి చెప్పవలెను. లేనిచో టైరు ఊడదీయు కడ్డీ తగిలి అది పగులును. పంచరు మూయుటకై లోనికి ఎక్కించు జిగురుద్రవము కూడ కొన్ని సెన్సర్ల రంధ్రమును మూసివేయును.

కొత్త సెన్సరు సంఖ్యను కారునకు పరిచయము చేయవలెను. కొన్ని కార్లు కొంతసేపు నడపగానే తామే నేర్చుకొనును. కొన్నిటికి ప్రత్యేకమైన పనిముట్టు కావలెను. ఈ పని ముగిసి దీపము ఆరిన తరువాతనే కారును ఇంటికి తెచ్చుకొనవలెను.

రెండవ పద్ధతి గల కారులో సెన్సర్ల గొడవ లేదు గాని మరియొక మెలకువ కలదు. 2 మిల్లీమీటర్ల గాడులు మిగిలిన టైరునకు, 8 మిల్లీమీటర్ల గాడులు గల కొత్త టైరునకు వ్యాసార్ధములో 6 మిల్లీమీటర్ల తేడా, అనగా దాదాపు 2 శాతము. గాలి పావువంతు తగ్గినందువలన కలుగు తేడా ఒక్క శాతము కూడ ఉండకపోవచ్చును. కావున కొత్త టైర్లు వేసి, చల్లగా నున్నప్పుడు సరియైన గాలి నింపి, పిదప యంత్రమునకు మొదటినుండి లెక్క నేర్పు మీటను తప్పక నొక్కవలెను. గాలి తక్కువగా నున్నప్పుడు నొక్కినచో ఆ తక్కువనే అది సరియైనదిగా నేర్చుకొనును.

గేజిని పారవేయకుడు

ఈ సాధనము వ్యర్థమని చెప్పుట నా ఉద్దేశము కాదు. దానివలన గాలి మిక్కిలి తగ్గిన టైర్లతో తిరుగు కార్లు సగమునకు పైగా తగ్గినవని అమెరికా ప్రభుత్వ పరిశీలన 2012లో తెలిపినది. కాని దాని హద్దును తెలిసికొనవలెను. 32 పౌండ్లు ఉండవలసిన టైరులో 24 పౌండ్లకు దిగిన తరువాతనే చట్టము కోరిన దీపము వెలుగును. 26 పౌండ్లున్నప్పుడు అది ఆరియే యుండవచ్చును. ఆరు పౌండ్ల లోటుతో, మండుటెండలో, నిండు బరువుతో పోవు టైరు సంగతి పైన చెప్పియున్నాము.

మన దేశములో ఈ సాధనము అన్ని కార్లకును విధింపబడలేదు. 2020లో సవరించిన నిబంధనల ప్రకారము ట్యూబులేని టైర్లు, పంచరు మూయు సరంజామా, గాలి తెలుపు సాధనము మూడును గల కార్లు స్టెపినీ చక్రము మోయనక్కరలేదు. స్టెపినీ లేని కారులో కాపలాదారు నిద్రించినచో నష్టము రెట్టింపగును.

గాలి వేడికి వ్యాకోచించుట చేత ఉష్ణోగ్రత 10 సెంటిగ్రేడు డిగ్రీలు మారినచో టైరులో ఒకటిన్నర మొదలు రెండు పౌండ్ల తేడా వచ్చును. అందుచేత వేసవి మధ్యాహ్నము దూరము నడచి వచ్చిన టైరును కొలిచి "ఎక్కువున్నది" అని గాలి తీయరాదు. తెల్లవారుజామున, కారు కదలకముందు, చల్లని టైరును కొలువవలెను. చూడవలసిన అంకె డ్రైవరు తలుపు వద్ద అంటించిన కాగితముపై నుండును. టైరుపై నున్న అంకె అది భరింపగల గరిష్ఠము మాత్రమే. నెలకొకసారి ఐదు నిమిషములు పట్టు ఈ పనికి కావలసినది చిన్న గేజి ఒక్కటే. అందులో బ్యాటరీ లేదు. అప్పుడప్పుడు మరియొక మంచి గేజితో సరిచూచుకొన్నచో అది చిరకాలము నిలుచును.